లత పేటలో జర్మన్ సంగీత కళాశాల

ఆ జర్మన్ సంగీత కళాశాలను నేను చూడలేదు. దాని గురించి తెలిసిందంతా, ఇప్పుడు యాంగోన్ అంటున్న మా రంగూన్‌లో, లత పేటలోని ఒక మూడో అంతస్తు గదిలో విన్నదే. ఆ గది మా సయామది. బర్మా భాషలో సయామ అంటే పంతులమ్మ. వయసులో ఉండగా ఆమె ఆ కళాశాలలో చదువుకుని వచ్చింది. దాని చరిత్రా, అక్కడి చదువుల వివరాలూ ఉన్న చిన్న పుస్తకం ఆమె దగ్గర ఉండేది. అక్కడి ఊరి వర్తకులు కట్టించిన బడి అది. యుద్ధంలో బాంబు పడి కప్పు కూలితే విద్యార్థులే ఇటుకలు ఏరి, నేలమాళిగలో కోట్లు విప్పకుండా పాఠాలు సాగించారట. ఆమె చేరేనాటికి గోడల మీద మసి ఇంకా పోలేదట.

మా నాన్న రేవులో పనిచేసేవాడు. పండగలకు గుడిలో సన్నాయి ఊదేవాడు. ఆడపిల్ల సన్నాయి ముట్టకూడదనే మనిషి, సయామ నా చేతికి ఓబో ఇచ్చినప్పుడు మాత్రం కాదనలేదు. అది సన్నాయికి దూరపు చుట్టం లాంటి వాద్యం. రెల్లు ముక్క పెదాల మధ్య బిగించి ఊదాలి.

"ఇది సన్నాయి కాదు గదేటి. ఊదుకో" అన్నాడు, నవ్వాపుకుంటూ.

నాకు పంతొమ్మిదేళ్లప్పుడు, ప్రవేశ పరీక్షకు పిలవమని ఆ కళాశాలకు ఉత్తరం రాశాం. జవాబు రాకముందే సైనిక పాలన మీద ఊరు భగ్గుమంది.

ఆ ఉదయం నేను పాఠానికి వెళ్లాను. కింద వీధి నిండా విద్యార్థులు నినాదాలిస్తూ నడుస్తున్నారు. ఉన్నట్టుండి దుకాణాల ఇనప తలుపులన్నీ ఒక్కసారి దించినట్టు చప్పుడైంది. అవి తూటాలని, జనం పరుగెత్తాకే అర్థమైంది. తెల్ల చొక్కా విద్యార్థి ఒకడు మా మెట్ల ముందు పడ్డాడు. మోచేతుల మీద పాకుతున్నాడు.

"వెళ్లకు!" అని సయామ నా జాకెట్టు పట్టుకుంది. విడిపించుకుని దిగాను. అతని చంకల కింద చేతులు వేసి లోపలికి లాగాను. తొడ నుంచి రక్తం పొంగుతోంది. మెట్టు మీద నా కాలు జారింది. నా వెనకే వచ్చిన సయామ తువ్వాలుతో తొడ బిగించి కట్టింది. అతను నీళ్లు అడిగాడు.

నీళ్లు తెచ్చేలోపే ఇద్దరు సైనికులు లోపలికొచ్చారు. ఒకడు అతన్ని జుట్టు పట్టి ఈడ్చాడు. సయామ ఒక చేత్తో మెట్ల కటకటాలు, ఇంకో చేత్తో అతని చొక్కా పట్టుకుని వదల్లేదు. రెండోవాడు తుపాకీ మడమతో కటకటాల మీది ఆమె వేళ్ల మీద కొట్టాడు. వదలకపోతే మళ్లీ కొట్టాడు. ఎముకలు విరిగిన చప్పుడు విన్నాను. నేను అరిచాను, ఏమని అరిచానో గుర్తులేదు. ఆ మడమ తిరిగి నా నోటి మీద పడింది. ఒక పన్ను మింగేశాను. కాళ్లు పట్టి ఈడుస్తుంటే ఆ విద్యార్థి తల ప్రతి మెట్టుకూ కొట్టుకుంది. లారీలో, అప్పటికే పడి ఉన్నవాళ్ల మీదకు విసిరేశారు. అతని చెయ్యి ఒకసారి పైకి లేచింది.

సందులమ్మట పరుగెత్తుకొచ్చిన నాన్న నన్ను చూసి గోడకు ఆనుకుపోయాడు.

"ఏటైనాదే గుంటా! నోరు తెరు. తెరవే, నానున్నాను గదా" అంటూ వేళ్లు పెట్టి పంటి ముక్కలు ఏరాడు. ఆసుపత్రి దారిలోనూ కాలుస్తున్నారు. వీధిలోని ముసలి కాంపౌండరే నా పెదవి కుట్టాడు, సయామ వేళ్లకు బద్దలు కట్టాడు. రెండు వేళ్లు వంకరగా అతుక్కున్నాయి.

ఆ విద్యార్థి గురించి అడగడానికి ఠాణాకు వెళ్లిన నాన్నను చెంప పగలగొట్టి పంపారు. అతనేమయ్యాడో ఈ రోజుకీ తెలియదు.

జర్మనీ ఉత్తరం ఏడాదికి చేరింది, ఎవరో విప్పి చదివి మళ్లీ అంటించి. రమ్మన్న తేదీ ఎప్పుడో దాటిపోయింది. పాస్‌పోర్టులు లేవు, విశ్వవిద్యాలయం మూత, బయటి ఊసే లేదు. పైగా నాకు ముందు పళ్లు నాలుగు లేవు. ఓబోను గోడకేసి కొట్టాను, రెండు ముక్కలయ్యేదాకా కొట్టాను. సయామ ఆపలేదు.

మర్నాడు ఆ చిన్న పుస్తకం తెరిచింది. "నోటితో పనిలేని చదువేదో చూద్దాం."

ఆర్గాన్ ఉంది, మాకు ఆర్గాన్ లేదు. వాద్యబృందాన్ని నడిపించే చదువుంది, మాకు బృందం లేదు. చివరి పుటలో, పిల్లలకు సంగీతం నేర్పే చదువు, నాలుగేళ్లు.

"ఇది ఇక్కడే చదువుతావు" అంది.

అలాగే చదివాను. సాధన పాఠాలకు ఆ మేడలోని పిల్లలే విద్యార్థులు. వీధిలో ఏ బండి పెద్దగా చప్పుడు చేసినా, చెప్పకుండానే నేల మీద బోర్లా పడుకునేవారు. లేపి మళ్లీ మొదలుపెట్టేదాన్ని. రెండో ఏడు నేను సంగీత చరిత్రలో తప్పానని సయామ మళ్లీ రాయించింది.

నాలుగో ఏటి చివరి పరీక్షకు నాన్నను బయటి పరీక్షకుడిగా పిలిచింది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి పాఠమంతా కదలకుండా విన్నాడు.

"పిల్లలు బాగానే పాడేరు సయామా. ఆ మూలనున్న సిన్నదానికి తాళం నిలబడ్డం లేదు" అన్నాడు.

సయామ నాకు రెండో శ్రేణి ఇచ్చింది. మొదటిది ఎందుకివ్వలేదని అడిగాను.

"నీ గొంతులో కోపం వినబడుతోంది. పిల్లలు బెదురుతున్నారు" అంది.

నిజమే. పై వారం నుంచి తన దగ్గర పాఠానికొచ్చే పిల్లల్ని కూడా నాకే అప్పగించింది.