నైవేద్యానికి ముందు అరటిపండు

గంగాభవాని చేతికి కోలాటం కర్రలొస్తే వయసు గుర్తుండదు. ఉంగుటూరు దగ్గరి పల్లెలో నాట్లు, కోతలు, పిల్లల పెళ్లిళ్లతోనే సగం జీవితం గడిచింది. ఇన్నాళ్లకు తన కోసమంటూ ఒక సరదా ఎంచుకుంది: అమ్మవారి జాతరలో కోలాటం ఆడాలి, అదీ ముందు వరసలో. చిక్కల్లా సుగరుతోనే.

కోడలు పద్మప్రియ బీఎస్సీ చదివింది. చంటిపిల్లకు చెంచాడు నీళ్లు పట్టాలన్నా కాచి చల్లార్చే మనిషి. అత్తగారు ఆడతాననగానే గూడెం టౌనుకి తీసుకెళ్లి డాక్టరుకు చూపించింది. ఆయన గుండె, కళ్లు, పాదాలు అన్నీ పరీక్షించాడు.

"ఆడండమ్మా, మంచిదే. కానీ మాత్ర వేసుకుని తిండి మానకూడదు. ఆడేముందూ ఆడాకా సుగరు చూసుకోండి. పాదాల్లో స్పర్శ తగ్గింది, ఉత్త కాళ్లతో వద్దు."

ఏలూరులో కొన్న తెల్లబూట్లతో సాధనకు వెళ్తే, జట్టును నడిపే అచ్చాయమ్మ పగలబడి నవ్వింది.

"ఏంటొదినా, కోలాటానికా, పోలీసు సెలక్షనుకా?"

"నీ అడుగు తప్పితే కేసు రాయడానికే వదినా!"

జాతరకు ముందు శుక్రవారం గుడి దగ్గర ఆఖరి సాధన. అమ్మవారికి నైవేద్యం పెట్టేదాకా ఆ ఊరి ఆడవాళ్లు మెతుకు ముట్టరు. గంగాభవానీ ముట్టలేదు.

"టిఫిను తిన్నారా అత్తయ్యగారూ?"

"ఆ, అయిందమ్మా."

మాత్ర మాత్రం కోడలి కళ్లముందే బుద్ధిగా వేసుకుంది. వేలికి సూది గుచ్చబోతే, "గుడికెళ్తూ నెత్తురేంటమ్మా!" అని చెయ్యి లాగేసుకుంది.

రెండో పాటకే ఒళ్లంతా చెమటలు పట్టింది. ఉత్సాహమనుకుంది. చేతులు వణికాయి. అదీ ఉత్సాహమే అనుకుంది. అంతలో కర్ర వెళ్లి అచ్చాయమ్మ వేళ్లమీద ఠప్పున పడింది.

"ఓలమ్మో! కేసు రాస్తానని కొట్టేస్తున్నావేంటి?"

గంగాభవాని నిలబడ్డచోటే తూలింది. పద్మప్రియ పిల్లను పక్కావిడ ఒళ్లో పెట్టి పరుగెత్తుకొచ్చింది. అత్తగారిని కూర్చోబెట్టి పంచదార నీళ్లు తాగించింది. ఆవిడ తేరుకుని, సుగరు మళ్లీ పెరిగాక, ఇడ్లీ తినిపించింది. అప్పుడు గానీ కోడలికి ఏడుపు రాలేదు.

"తిన్నానన్నారు కదండీ! జాతరకి మీరు చూడ్డానికే రండి. ఆడొద్దు."

గంగాభవాని తల దించుకుంది. "భయపెట్టేశానమ్మా. ఈసారి నువ్వెలా చెబితే అలాగే. ఆడనివ్వు."

పద్మప్రియ వెంటనే ఒప్పుకోలేదు. డాక్టరుకు ఫోను చేసింది. జరిగింది విని ఆయన మాత్ర తగ్గించాడు. ఆ మీదటే సరేనంది.

జాతర రోజు గంగాభవాని ఇంట్లోనే అమ్మవారికి దణ్ణం పెట్టుకుని కడుపునిండా తిని బయల్దేరింది. గుడిముందు బూట్లు కుదరవు కనుక మందపాటి సాక్సులు తొడుక్కుంది. నేలమీద ధాన్యం ఆరబోసే బరకాలు పరిపించారు. రాయీ రప్పా ఉందేమోనని పద్మప్రియ అరచేత్తో తడిమి చూసింది. తీరా చూస్తే ఊరేగింపు ఆలస్యమైంది. ఎండ నడినెత్తికొచ్చింది. డప్పులు మోగాయి.

వరసలో నిలబడ్డ గంగాభవాని కోడల్ని కేకేసి తనే వేలు చాపింది.

"ముందిది చూడమ్మా."

సుగరు తక్కువగానే ఉంది. గంగాభవాని అందరి ఎదుటా అరటిపండు వలిచింది.

"నైవేద్యం కాకుండానే!" అని ఎవరో గొణిగారు.

అచ్చాయమ్మ గిర్రున తిరిగింది. "మా వదిన ఆకలి సంగతి అమ్మవారికి తెలుసు. నా వేళ్లకి ఇంకా బాగా తెలుసు. నువ్వు తిను వదినా, మేం ఆగుతాం!"

జనం గొల్లున నవ్వారు. డప్పులవాళ్లు ఆవిడ పండు నమిలేదానికి తగ్గట్టు తాళం కూడా వేశారు. కాసేపాగి మళ్లీ వేలు చూసి, పద్మప్రియ తల ఊపింది.

ఇక గంగాభవాని ఆడింది చూడాలి! కర్ర ఒక్కసారైనా తప్పలేదు. పద్మప్రియ గుప్పెట్లో గ్లూకోజు పొట్లం బిగించుకుని నిలబడిందన్నమాటే గానీ, ఆమె కాలు ఎప్పుడో తాళం వేయడం మొదలుపెట్టింది. చంకలో పిల్ల చప్పట్లు కొడుతోంది.

పాట ఆగగానే గంగాభవాని రొప్పుతూ వచ్చి, అడక్కుండానే వేలు చాపింది. అంతా బాగానే ఉంది. అప్పుడు కోడలి మొహంలోకి పరీక్షగా చూసింది.

"ఇంతకీ పొద్దుట్నుంచీ నువ్వేమైనా తిన్నావా?"

పద్మప్రియ నాలిక్కరుచుకుంది.

గంగాభవాని కొంగుముడి విప్పి రెండో అరటిపండు తీసింది.