మూడు మైదానాల వల

తెల్లవారుజామున ఫజర్ నమాజు ముగించి లేస్తుండగా గోడ అవతల నుంచి ఏడుపు వినిపించింది. మా పక్కింటి పీడీ సార్ పోయారు. వనపర్తి కాలేజీ పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పి రిటైరైన మనిషి. చాప మీదే మళ్లీ కూర్చుని ఆయన కోసం దువా చేశాను. తర్వాత గద్వాలలో బట్టల దుకాణం నడుపుతున్న మా తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. వాడు బయల్దేరతానన్నాడు.

ఒకప్పుడు వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ కాలేజీల మధ్య ఏటా పోటీలు జరిగేవి, ఒక్కో ఏడు ఒక్కో ఊళ్లో. సార్ అరుగు మీద కూర్చుంటే ఆ ఆటలన్నీ మైదానాల పేరు మీదే చెప్పేవారు.

"గద్వాల కోట గోడ చప్పట్లు కొడ్తది. నాగర్‌కర్నూల్ గరుసు నేల మోకాళ్లు గీక్తది. మన మన్ను వాన పడ్డదంటే ఎవ్వల్నీ నిలవడనియ్యది."

ఎవరు గెలిచారని అడిగితే నవ్వేవారు. "గెల్సింది యాదికుండదమ్మా. పడ్డ జాగ యాదుంటది."

మూడు కాలేజీలకూ కలిపి గోలుకు కట్టే వలలు ఒక్క జతే. ఆఖరి ఆటలో ఓడిన జట్టు వాటిని ఇంటికి తెచ్చుకుని, చినిగినచోట కుట్టి, మరుసటి ఏడు మోసుకెళ్లాలి. అది వాళ్ల కట్టుబాటు. కుట్టే పని గోల్‌కీపర్‌ది. ఎదురుగా సాగదీసి పట్టుకునేది సార్. అప్పట్లో వనపర్తి జట్టుకు మా తమ్ముడే గోల్‌కీపర్. వాకిట్లో ఇద్దరూ ఆ పని మీద ఉంటే నేను చాయ్ ఇచ్చేదాన్ని.

"ముడి గట్టిగెయ్‌రా. నీ పెండ్లి పందిరి కాదు, ఒక్క పూట నిలిస్తే సాలనుకోనీకె."

"ముందు మీరు సక్కగ పట్టుండ్రి సార్. కూసున్న కాడనే నిద్రపోతుండ్రు."

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో గద్వాలలో జరిగిందే ఆఖరి పోటీ. ఆట ముగిసే ముందు గద్వాల పిల్లవాడు కొట్టిన బంతి తగిలి వల మూలన ఒక ముడి ఊడింది. బంతి ఆ చిల్లులోంచి అవతలికి పోయింది. స్తంభం బయట నుంచే పోయిందని తమ్ముడు వాదించాడు. లోపల నుంచేనని వాళ్లు. రిఫరీకి కనబడలేదు. ఆ గోలు వెనకే నిలబడి ఉన్న మా సార్‌ను అడిగాడు.

"గోలే," అన్నారు సార్.

ఇంటికొచ్చాక తమ్ముడు అక్కనైన నాతో ఒక్క మాటే అన్నాడు. "మనల్ని గద్వాలోళ్లు ఓడగొట్టలే ఆపా. మన సారే ఓడగొట్టిండు."

వల కుట్టడానికి వాడు వెళ్లలేదు. మరుసటి ఏడు పోటీలే జరగలేదు. సార్ రిటైరయ్యారు, ఆ కుర్చీలోకి ఎవరూ రాలేదు. మైదానంలో సగం దాకా పునాదులు లేచాయి. వల ఓడిన మావాళ్ల దగ్గరే, సార్ ఇంట్లో ఉండిపోయింది.

ఏటా వానలు తగ్గాక సార్ దాన్ని గోడ మీద ఎండేసి, వేపాకు పెట్టి మళ్లీ మడిచేవారు. చిన్న చినుగులు తనే కుట్టుకున్నారు. ఆ చిల్లు మాత్రం ముట్టలేదు.

"ఇటియ్యిండ్రి సార్, నేను కుడ్త," అన్నాను ఒకసారి.

"వద్దు బిడ్డా. అది వాని ముడి. వస్తడు తియ్యి." కాస్త ఆగి మళ్లీ అన్నారు. "గోల్ అన్నందుకు రంది లేదు. ఆ దినం వచ్చేటప్పుడు బస్సుల జర వాని పక్కకు పోయి కూసుంటే అయిపోతుండె. పెద్దోన్ని, నేనెందుకు పోవాలె అనుకున్న."

పండక్కి వచ్చినప్పుడల్లా తమ్ముడికి ఈ మాట చెప్పేదాన్ని. "పోత ఆపా, పోత," అనేవాడు. సార్ వాకిలి దాకా నడిచి, అక్కడి నుంచే బస్టాండుకు తిరిగేవాడు.

సార్ పోయిన ఆ రోజు వాడు గద్వాల నుంచి వచ్చేసరికి ఆయన్ను శ్మశానానికి తీసుకెళ్లిపోయారు. సార్ భార్య వాణ్ని చూసి లేచింది. లోపలికి వెళ్లి వల మూట తెచ్చి వాడి ముందు పెట్టింది. విప్పితే ఎండిన వేపాకు రాలింది. వాడు వెతికి ఆ చిల్లు పట్టుకున్నాడు.

"గోలే ఆపా అది," అన్నాడు తలెత్తకుండా. "నాకు ఆ దినమే ఎర్క."

పొద్దు గూకాక మగ్రిబ్ నమాజు చేసుకుని నేను మళ్లీ బయటికి వచ్చాను. వాడు వల రెండో కొసను సార్ కూర్చునే అరుగు స్తంభానికి కట్టి, దారం పట్టుకుని కూర్చున్నాడు. ఎంత బిగించి కట్టినా అది మధ్యలో కుంగిపోతోంది.