మోటారులో ముడుపు

రంగం, అంటే రంగూన్, బయల్దేరేవాడికి మా భీమిలిలో సలహా ఇవ్వనివాడు ఉండడు. స్టీమరు డెక్కు మీద ఏ మూల చాప వేసుకోవాలో, కడుపులో తిప్పితే ఏ ఊరగాయ ముక్క చప్పరించాలో, రేవులో దిగగానే ఎవరి చేతికి పెట్టె ఇవ్వకూడదో అన్నీ చెప్పి పంపారు. మోటారులో పోయేటప్పుడు పిస్తోలు ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం ఒక్కడూ చెప్పలేదు. రేపు మీలో ఎవరికైనా అవసరం పడవచ్చు కనుక ఆ లోటు నేను తీరుస్తున్నాను.

నేను బడిపంతులిని. వేసవి సెలవులు ఇవ్వగానే విశాఖపట్నంలో స్టీమరెక్కాను. మా అక్క కాపురం రంగంలో, సంచౌంగ్ పేటలో. సముద్రం ఎలా ఉందో రాయలేను, ఎందుకంటే ఆ ప్రయాణమంతా నేను తల పైకెత్తలేదు. రంగం రేవులో దిగాకే ప్రాణం లేచొచ్చింది. మూట మోసేవాడూ, పడవ నడిపేవాడూ, రిక్షా లాగేవాడూ అందరిదీ మన మాటే. ఇచ్ఛాపురం నుంచి వచ్చిన రిక్షావాడు నా క్షేమసమాచారాలన్నీ ఆప్యాయంగా అడిగి, మనవాడినని చెప్పి ఒక అణా ఎక్కువే పుచ్చుకున్నాడు.

మా బావ పేరు సూర్నారాయణ. మింగళాడోన్ దాటి ఇంకా పైకి పోతే ఒక దొరగారి రబ్బరు తోట ఉంది, దానికి మేస్త్రీ. మనిషి వెన్నముద్ద. కాని కోపం ముక్కు మీదే ఉంటుంది. నేను దిగిన మర్నాడు ఊరు చూపిస్తానని ఏటికి అవతలున్న దలా వెళ్ళే పడవెక్కించాడు. ఎవడో కాలు తొక్కాడు. బావ చేతిలోని గొడుగు వాడి మీదకి విసిరాడు, అది వాడికి తగలకుండా ఏట్లో పడింది. అవతలి ఒడ్డు చేరేలోపల కోపం చల్లారి, ఆ కాలు తొక్కినవాడికే టీ ఇప్పించాడు. గొడుగు లేక వానలో ఇద్దరం తడుస్తూ ఇంటికొచ్చాం.

ఆ వారంలోనే దొర బావను పిలిపించాడు. తోటలో జ్వరాలు మొదలయ్యాయి, ఇకమీదట వారం వారం రంగం నుంచి క్వినైను పెట్టె నువ్వే మోటారులో తేవాలి అన్నాడు. ఆ మందుకు బజారులో గిరాకీ ఎక్కువ, దారిలో దొంగలున్నారని పుకారు. అందుకని లైసెన్సుతో సహా ఒక పిస్తోలు కూడా చేతిలో పెట్టి రెండు షరతులు చెప్పాడు. చెయ్యి చాపితే అది అందాలి. జారిపోవడానికి గాని, ఇంకొకడు లాక్కోవడానికి గాని వీలుండకూడదు. పోగొడితే ఉద్యోగం పోవడమే కాదు, జైలు కూడా ఉంటుందన్నాడు.

పిస్తోలు చూసి అక్క కూలబడిపోయింది. ఆవిడ బెంగ దొంగల గురించి కాదు. బావ అటు వెళ్ళగానే నన్ను వంటింట్లోకి పిలిచి, "గొడుగిసిరితే ఏట్లో పడ్డాది, ఇంకోటి కొనుక్కుంటాం. దీన్నిసిరితే ఏటవుద్ది, తమ్ముడా?" అంది. "మీ బావ కోపం తమలపాకు నమిలి ఊసినంతసేపు, అంతే. ఆ కాసేపట్లో ఎవుడి పానవైనా తీసీసినాడంటే, బతికినంత కాలం ఏడిసీది మల్లీ ఆ మనిసే." ఆ మాట విన్నాక నాకూ బెంగ పట్టుకుంది. బావతో తోటకు నేనూ వెళ్తానన్నాను.

ఆదివారం మోటారు ఇంటి ముందుకు వచ్చింది. డ్రైవరు కో తిన్ బర్మావాడే గాని, రేవులో మనవాళ్ళ మధ్య పెరిగినవాడు, మన యాస నాకంటే బాగా మాట్లాడతాడు. గుళ్ళు తీసేసి, పిస్తోలుకు చోటు వెతకడం మొదలుపెట్టాం. ముందు బావ నడుముకు పంచెలో దోపుకున్నాడు. ఫుట్‌బోర్డు ఎక్కబోయి కాలెత్తగానే అది జారి మోకాలి దగ్గర ఇరుక్కుంది. దాన్ని బయటికి తీసిన విధానం ఇక్కడ రాయదగినది కాదు. తర్వాత సీటు మెత్త కింద పెట్టాం. అక్కడ భద్రంగానే ఉంది. కాని తియ్యాలంటే బావ లేవాలి, నేను లేవాలి, మా మధ్య ఉన్న అన్నం క్యారియరు లేవాలి. అంతసేపూ ఆగమని దొంగను బతిమాలుకోవాలి.

కాళ్ళ దగ్గర పెట్టి చూద్దామన్నాడు బావ. బండి వీధి చివరి పల్లంలోకి దిగేసరికి పిస్తోలు ముందు సీటు కిందుగా జారుకుంటూ పోయి కో తిన్ బ్రేకు కింద దూరింది. పక్కింటివాళ్ళ వెదురు కంచెను గుద్ది ఆగాం. చివరికి తలుపుకున్న తోలు సంచీలో పెట్టాం. బావ ఆ సంచీ మూత తీస్తూ ఉండగానే, బయట నిలబడ్డ కో తిన్ చెయ్యి పెట్టి పిస్తోలు ఊడలాక్కుని చూపించాడు. "ఎక్కడైనా పెట్టు మేస్త్రీ, దాని మూతి నా ఏపు సూడకూడదు, అంతే," అని తన షరతు కూడా కలిపాడు.

మర్నాడు పొద్దున్న గుళ్ళు నింపిన పిస్తోలును దేవుడి గూట్లో పెట్టి బావ స్నానానికి వెళ్ళాడు. అక్క నన్ను సైగ చేసి పిలిచింది. పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టిన గుడ్డలో పిస్తోలును చుట్టి, ఒక కానీ బిళ్ళ కూడా వేసి, సింహాద్రి అప్పన్నకు మొక్కి ముడుపు కట్టింది. మా తాత వలలు అల్లినవాడు. ఆయన వల తాడుకు వేసే ముడి, తడిసేకొద్దీ బిగుసుకునేది, అక్కకు వచ్చు. అలాంటివి వరసగా వేసి, ముందు సీటు వెనకనున్న ఇనప కడ్డీకి మూతి నేల వైపు ఉండేలా ఆ మూటను బిగించింది. తాడు కొస నేను పట్టుకున్నాను.

తడి తువ్వాలుతో వచ్చిన బావ బండిలోకి తొంగిచూసి నిలబడిపోయాడు. "ఏటే ఇది?" అన్నాడు.

"ముడుపు. నువ్వు సేమంగా ఇంటికొచ్చి నీ సేత్తో ఇప్పుతావని మొక్కినాను, మావా. మద్దెలో ఇప్పితే అప్పన్న ఊరుకోడు," అంది అక్క అమాయకంగా.

బావ తప్పు పట్టడానికి చాలా చూశాడు. చెయ్యి చాపితే అందుతోంది. జారదు. ఎవడూ లాక్కోలేడు. కో తిన్ వైపు చూడటం లేదు. అందరి షరతులూ తీరాయి. అది పేలాలని దొర విడిగా చెప్పలేదు కదా అన్నాను నేను. బావ నా వైపు చూసిన చూపుకు నేను వెళ్ళి నా సీట్లో కూర్చున్నాను.

ఏడింటికి బయల్దేరాం. చెరువులు, తోటల్లో దొరల బంగళాలు, తలమీద గంపలతో బజారుకు నడిచే ఆడవాళ్ళు. మింగళాడోన్‌లో టీకొట్టు దగ్గర ఆగి మొహింగా తిన్నాం. అది చేపల పులుసులో నానిన సన్నటి సేమ్యా, పొద్దున్నే తినడానికి మొదట మనసొప్పదు, రెండో గిన్నెకు ఒప్పుతుంది. పిస్తోలు కంటికి కనబడాలని బావ ఫుట్‌బోర్డు మీదే కూర్చుని తిన్నాడు. సిపాయిల బారకాసుల దగ్గర పహరావాడు బండి ఆపి, పసుపు మూటలో ఏముందని హిందూస్తానీలో అడిగాడు. బావ గుండె విరుచుకుని పిస్తోలు సంగతి చెప్పబోయేలోగా అది దేవుడని కో తిన్ చెప్పేశాడు. సిపాయి చేతులు జోడించి దారి వదిలాడు. గొప్ప చెప్పుకునే అవకాశం పోయిందని బావ రెండు మైళ్ళు సణిగాడు.

పదింటికల్లా వాన పట్టుకుంది. కాన్వాసు తెరలు దించుకున్నా జల్లు లోపలికి కొడుతూనే ఉంది. రోడ్డుకు రెండు వైపులా రబ్బరు చెట్లు, మనిషి జాడ లేదు. ఒక మలుపు తిరిగేసరికి అయిదారుగురు బర్మావాళ్ళు రోడ్డుకు అడ్డంగా మా మీదకే పరిగెత్తుకొస్తున్నారు. అందరి చేతుల్లోనూ పొడుగాటి కత్తులు. ముందున్న ముసలివాడు కత్తి పైకెత్తి ఏదో అరుస్తున్నాడు. ఇంజను చప్పుడులో ఒక్క ముక్క వినబడలేదు. కో తిన్ బ్రేకు తొక్కాడు. ముసలివాడు వచ్చి ఫుట్‌బోర్డు మీద చెయ్యి వేశాడు. కో తిన్ తలుపు తీసుకుని దిగి వాళ్ళతో కలిసి మలుపు అవతలికి నడిచిపోయాడు. ముసలివాడు మాత్రం కత్తితో సహా మా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"ఈడూ ఆళ్ళ మనిసే," అన్నాడు బావ. మొహం ఎర్రబడింది. రంగంలో ఇన్నేళ్ళున్నా అతనికి బర్మా మాట కూలీ బేరానికి మించి రాదు, నాకు అదీ రాదు. బావ చెయ్యి మూట మీద పడి, అక్కడే ఆగింది.

"మాస్టరూ, నువ్విప్పు. మొక్కింది నువ్వు కాదు, నీకు పాపం లేదు."

"కట్టింది మా అక్క, బావా. తిరిగెళ్ళాక నేనా ఇంట్లోనే అన్నం తినాలి."

ఆ మాట ధైర్యంతో అన్నది కాదు, భయంతో అన్నది. బావ పళ్ళు నూరాడు. క్షమించమని అప్పన్నను అడిగి, తనే ముడి పట్టుకుని లాగాడు. జల్లుకు తడిసి అది రాయిలా బిగుసుకుంది. గోళ్ళతో పీకాడు. లాభం లేక వంగి పళ్ళతో పట్టుకున్నాడు. పసుపు నీళ్ళు గెడ్డం మీంచి కారుతున్నాయి. ముసలివాడు తెర పైకెత్తి, ఈ మనిషి తన దేవుణ్ణి ఎందుకు కొరుకుతున్నాడా అని వింతగా చూస్తున్నాడు. నోట్లో తమలపాకు వేసుకుని, తీరిగ్గా నమిలి, రోడ్డు మీద ఊశాడు కూడా. బావ ఇంకా మొదటి ముడి మీదే ఉన్నాడు.

అప్పుడు కో తిన్ తిరిగొచ్చాడు. "దిగి సూడు మేస్త్రీ. ముందల వంతెన లేదు," అన్నాడు.

మలుపు దాటి చూశాం. పక్క ఊరి కర్ర వంతెన వరదకు కొట్టుకుపోయి, రెండు గుంజలు మాత్రం మిగిలాయి. కింద ఎర్రటి నీరు సుళ్ళు తిరుగుతోంది. మా బండి ఆగకపోతే నేరుగా అందులోకే. వాళ్ళు వెదుళ్ళు కొట్టడానికి వచ్చిన ఊరివాళ్ళు. ఇంజను చప్పుడు విని, చేతిలో కత్తి కింద పెట్టడానికి కూడా ఆగకుండా ఆ ముసలివాడు అందరికంటే ముందు పరిగెత్తాడట. పేరు ఊ ఫో అని కో తిన్ చెప్పాడు. బావ ఆ నీళ్ళ వంక చూశాడు, ఊ ఫో వంక చూశాడు, బురదలోనే చతికిలబడ్డాడు. "ముందు ఈ పెద్దాయన్నే కాల్చీవోణ్ణి, మాస్టరూ," అన్నాడు నాకు మాత్రమే వినబడేలా. బావ పచ్చటి పళ్ళు చూసి ఊ ఫో పగలబడి నవ్వి, తను కాలుస్తున్న చుట్ట ఇచ్చాడు. బావ దాన్ని రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకున్నాడు.

వాళ్ళే వెదుళ్ళు పరిచి క్వినైను పెట్టెను అవతలికి చేర్చారు. బండిని కో తిన్‌కు వదిలేసి, అతను మరలు విప్పి ఇచ్చిన కడ్డీలోంచి మూటను ముళ్ళతో సహా జార్చి చంకన పెట్టుకుని, మేం తోటకు నడిచాం. తోటలో దొర, దారిలో పిస్తోలు చేతికి అందుబాటులోనే ఉందా అని అడిగాడు. అందుతూనే ఉంది దొరా, నోటికి కూడా అందింది అన్నాడు బావ. దొరకు సగమే అర్థమై, బాగుందన్నాడు.

రెండు రోజులకు వెదురు వంతెన బండిని మోసేలా తయారైంది, తిరుగు ప్రయాణం కట్టాం. ఊ ఫో ఊరి దగ్గర బావ బండి ఆపించి పొగాకు కట్ట ఇచ్చి వచ్చాడు. మింగళాడోన్‌లో అదే సిపాయి మా మూటకు మళ్ళీ దణ్ణం పెట్టాడు. ఈసారి బావ కూడా పెట్టాడు. రంగం గురించి ఇంటి దగ్గర ఎన్నో భయాలు చెప్పి పంపారు. ఆ రోడ్డు మీద నేను చూసిన ప్రమాదం మాత్రం మాతోపాటే, వెనక సీట్లో కూర్చుని వచ్చింది.

సంచౌంగ్ చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. మొక్కు ప్రకారం బావే అరుగు మీద కూర్చుని ముళ్ళు విప్పాడు. అక్క టీ తెచ్చి పక్కన కూర్చుంది. మొదటి ముడి మీద పళ్ళ గాట్లు ఆవిడ కంటపడ్డాయి.

"ఏటిది, ఎలక కొరికినాదా?"

"ఊఁ. పెద్ద ఎలకే," అన్నాడు బావ. టీ చల్లారిపోయాక గాని చివరి ముడి రాలేదు. పిస్తోలు బయటికి తీసి గుళ్ళు దులిపి, కాసేపు దాన్ని చూసి, గుడ్డతో తాడుతో సహా అక్క ఒళ్ళో పెట్టాడు.

"వచ్చే వారం మల్లీ ఎల్లాలి. ఇంకో రెండు ముళ్ళు ఎక్కువెయ్యి," అన్నాడు.