అరవై నాలుగు గదుల్లో అధ్యక్షుడు

తొంభైల చివరి రోజులు అవి. బెంగుళూరులో మూడు నెలలు కంప్యూటర్ 'సి' భాష నేర్చుకున్న ప్రతివాడూ నేల మీద కాలు పెట్టడం మానేసేవాడు. నేను నాలుగు నెలలు నేర్చుకున్నాను గనక అందరికంటే జానెడు పైనే నడిచేవాణ్ణి. చిక్కపేట వెనక సందులో మా ఇల్లు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా షాపులో చీరలు మడతపెట్టే నాన్ననూ, ఏదైనా గుర్తుండాలంటే కొంగుకు ముడి వేసుకునే అమ్మనూ చూస్తే నాకు మహా జాలి. (ఆ జాలిపడే శాల్తీకి మూడు పూటలా అన్నం పెడుతున్నది ఆ మడతలేనన్న సంగతి అప్పట్లో నా మెమరీలో నమోదు కాలేదు.) నా ఉద్యోగం మటుకు ఒక రేకుల షెడ్డులో. ఎర్ర లైట్లతో అక్షరాలు కుడి నుంచి ఎడమకు పరుగెత్తే బోర్డులుంటాయి చూడండి, వాటిని తయారుచేసేవాళ్ళం. యజమాని చేతిలో ఎప్పుడూ సీసం కరిగించి అతికించే సోల్డరింగ్ ఇనుమే. ఆయనకు మేం పెట్టుకున్న పేరు సీసం సారు. బోర్డు ఆయన అతికిస్తే, లోపలి ప్రోగ్రాం నేను రాశాను. మా వీధి గణేశ పెండాల్లో ఆ బోర్డును పెట్టి చూద్దామనీ, ఏ గొడవా లేకుండా నడిస్తే నన్ను పర్మనెంట్ చేస్తాననీ ఆయన మాటిచ్చారు.

మాటిచ్చేముందు ఒక ప్రశ్న అడిగారు. "స్వాగతం మెసేజ్‌కు ఎన్ని అక్షరాల చోటిచ్చావు?"

"అరవై నాలుగు సార్."

"నిండితే ఆగుతుందా?"

"ఆగుతుంది సార్" అన్నాను. ఆగదు. ఆపే ఆ రెండు లైన్లు నేను రాయలేదు. అరవై నాలుగు దాటే మెసేజ్ ఎవడు కొడతాడులే అని నా ధీమా. అంత పొడుగు పేరున్నవాడు బళ్ళో హాజరు పట్టీలో పట్టక మొదటి రోజే ఇంటికి తిరిగొచ్చేసి ఉంటాడని నాలో నేనే జోకు వేసుకుని, నాలో నేనే నవ్వుకున్నాను కూడా.

పెండాల్లో బోర్డు పెట్టడానికి ఒప్పించింది మా మేనమామ. పదకొండేళ్లుగా మా గణేశ ఉత్సవాల మైకు ఆయనదే. బతుకుతెరువు చిక్కపేట ఇనుప సామాన్ల కొట్టులో గుమాస్తాగిరీ అయినా, బతికేది మాత్రం ఏడాదికి ఆ అయిదు రోజులే. మైకుకు తన పసుపు రుమాలు కట్టుకుని "హలో, హలో, మైక్ టెస్టింగ్" అన్నాడంటే వీధిలో పిల్లలు అన్నం మధ్యలో లేచి వచ్చేవాళ్ళు. బోర్డు కీబోర్డు కూడా ఆయనకే అప్పగించాను. "మామా, మొదటి బటన్ నొక్కి స్వాగతం కొట్టు. రెండో బటన్ నొక్కి ప్రకటనలు కొట్టు. అంతే" అని, చదువురాని వాడికి చెప్పినట్టు రెండుసార్లు చెప్పాను.

మధ్యాహ్నం ఉత్సవ కమిటీ అధ్యక్షుడి మనుషులు ఒక చీటీ తెచ్చారు. బెంగుళూరులో గల్లీ నాయకుడికి పేరు వంటికి చొక్కా లాంటిదైతే, బిరుదులు పట్టు శాలువాల్లాంటివి. ఒకదాని మీద ఒకటి కప్పుతూ పోతే లోపల మనిషున్నాడా లేడా అన్న అనుమానం వస్తుంది. చీటీలో ఉన్నది: యువ నాయకరు, సమాజ సేవకరు, కొడుగై దాని (అంటే ఎడతెగకుండా ఇచ్చే చేతి దాత అని కన్నడంలో), నమ్మ అధ్యక్షరు, శ్రీ, ఆ తర్వాత పేరు. మామ ఒంటి వేలితో ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఆ దండకమంతా కొట్టాడు. బోర్డు మీద బిరుదులూ పేరూ చక్కగా పరుగెత్తాయి. నేను చేతులు కట్టుకుని, బోర్డు కనిపెట్టినవాడిలా నిలబడ్డాను.

సాయంత్రం ఆరింటికి రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఏడుపు ముఖంతో వచ్చింది. ఆమె పొమేరియన్ కుక్క తప్పిపోయిందట. మామ శ్రద్ధగా రెండో బటన్ నొక్కి ప్రకటన కొట్టాడు. సరిగ్గా అప్పుడే అధ్యక్షుడు దండలతో, బాజాలతో, పాతికమంది భక్తులతో పెండాల్లోకి అడుగుపెట్టి తలెత్తి బోర్డు చూశాడు. జనమంతా చూశారు. బోర్డు ఇలా పరుగెత్తింది:

యువ నాయకరు సమాజ సేవకరు కొడుగై దాని నమ్మ అధ్యక్షరు శ్రీ తెల్ల పొమేరియన్, మెళ్ళో గంట, మొరుగుతాది, కరవదు, దొరికితే స్టేజీ దగ్గరికి తెండి.

బాజా ఆగిపోయింది. వెనక వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు.

"నన్ను కుక్కను చేస్తివి కదయ్యా!" అని అధ్యక్షుడు మామ మీదికి వచ్చాడు. "పోయినేడు సెక్రెటరీ పోస్టు ఈలేదని ఇట్ల పగ తీర్చుకుంటావా?"

"దేవుడాన లేదన్నా! కుక్కను నేను రెండో బటన్లోనే కొట్టినా!"

"నువ్వు ముట్టుకునే దాకా సరిగ్గానే ఉండె కదా? ఇంగ చాలప్పా. ఈ పొద్దుతో మైకు వదిలేయ్."

మామ వంగి, మైకుకున్న పసుపు రుమాలు ముడి విప్పడం మొదలుపెట్టాడు. ముడి బిగుసుకుపోయి రాలేదు. నోరు విప్పితే సీసం సారుతో చెప్పిన అబద్ధం బయటపడుతుంది, పర్మనెంట్ సంగతి అంతే. విప్పకపోతే ఆ రుమాలు ఊడొస్తుంది.

"తప్పు నాది" అన్నాను. "మెషీను మెమరీలో మెసేజ్‌లు మన వీధి ఇళ్ళ మాదిరి ఉంటాయి సార్. గోడకు గోడ, మధ్యలో సందు లేదు. మీ ఇంట్లో అరవై నాలుగు గదులు, గదికో అక్షరం. బిరుదులే అన్నీ ఆక్రమించేశాయి. మీ పేరు పక్కింట్లో పడుకుంది. ఇల్లు ఖాళీగా ఉన్నంతసేపూ ఏం కాలేదు. తర్వాత ఆ ఇంటికి కుక్క వచ్చింది."

సగం మందికి అర్థం కాలేదు. తక్కిన సగానికి వేరేగా అర్థమైంది. "మేనల్లుడు కదప్పా, మామను కాపాడతాడు" అన్నాడొకాయన మెచ్చుకోలుగా. ఇంక కొట్టి చూపించక తప్పలేదు. "ఏదైనా ఒక బిరుదు తీసేయండి సార్, చూపిస్తాను."

ఏది తీయాలి? పెండాల్లో పెద్ద చర్చే జరిగింది. సమాజ సేవకరు తీయడానికి ఆయన ఒప్పుకోలేదు. కొడుగై దాని తీద్దామంటే మాత్రం జనంలో ఒక్కరూ అడ్డు చెప్పలేదు. తీసి, వరస మళ్ళీ కొట్టి, కుక్కను మళ్ళీ కొట్టాను. పేరులో పద్నాలుగు అక్షరాలకు పన్నెండు బయటికి వచ్చాయి, చివరి రెండూ కుక్క నోట్లోనే ఉన్నాయి. "ఇంకోటి తీయాలి సార్" అన్నాను. వెనక వరస గొంతు మళ్ళీ లేచింది: "యువ నాయకరు తీయండప్పా, మనవడు హైస్కూల్లో ఉండాడు!" తీశాను. పేరు నిండుగా వచ్చింది, ఆగింది, కుక్క తన ఇంట్లో తాను విడిగా పరుగెత్తింది. (అసలు కుక్క స్టేజీ కిందే ప్రసాదం తింటూ దొరికింది.) అధ్యక్షుడు చాలాసేపు తన పేరు వైపు, కొత్తగా పరిచయమైన మనిషిని చూసినట్టు చూసి, మామతో "కట్టుకోప్పా రుమాలు" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు సీసం సారు విషయమంతా విని, కోపం కూడా తెచ్చుకోలేదు. "ఆగుతుందన్నావు" అన్నారు, తలెత్తకుండా. నా ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు సాగింది. ఆయన తిట్టి ఉంటే ఆరు నెలలు ఇంత పొడుగనిపించేది కాదు.

కానీ మామ సంగతి చెప్పాలి. గొడవ జరిగిన ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ నా భుజం మీద చెయ్యేసి, "అల్లుడా, పని పోతాదని తెలిసీ నాకోసరం అంతమంది ముందర తప్పు నీ మీద వేసుకుంటివి" అన్నాడు.

"నిజంగానే నా తప్పు మామా."

"ఉండనీలేప్పా, నాకు తెలీదా! కుక్కను నేనే యాడో తప్పు కొట్టింటాను. అక్షరాలు తీసి, పెట్టి, ఎంత బాగా నమ్మించినావు వాళ్ళను!"

ఆ తర్వాత ఎన్ని పెళ్ళిళ్ళలో ఎంతమందికి చెప్పాడో. మొదట్లో నేను శుభలేఖల వెనక గళ్ళు గీసి వివరించేవాణ్ణి. "చూసినారా, ఇప్పుడు కూడా ఒప్పుకోడు" అని మామ ఇంకా మురిసిపోయేవాడు. మొన్న మా అమ్మాయికీ చెప్పాడు. అది కళ్ళింత చేసుకుని "నిజమా నాన్నా?" అంది. పదిమందిలో నేను చెప్పిన ఒకే ఒక్క కష్టమైన నిజం, అబద్ధంగా చెలామణీ అయ్యి నన్ను మంచివాణ్ణి చేసి కూర్చోబెట్టింది. నోరు తెరిచాను. ఎదురుగా మామ, పళ్ళు లేని నోటితో, నా జవాబు కోసం నాకంటే గర్వంగా చూస్తున్నాడు.

"ఏదోలేమ్మా" అన్నాను, ఆ జానెడు పైన నడిచిన కుర్రవాడి తరఫున కాస్త సిగ్గుపడుతూ, కాస్త మురిసిపోతూ.