కేసు షీటులో సిస్టర్‌గారి రాత

డెబ్బైల చివర్లో నా మొదటి ఉద్యోగం నందిగామలో, ఒక చిన్న ఆసుపత్రిలో. డాక్టరునన్న మాటేగాని, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను అప్పటిదాకా ఒంటరిగా చూసింది లేదు. అక్కడి హెడ్ సిస్టర్‌గారు నాకంటే ఇరవయ్యేళ్లు పెద్ద.

ఒక ఉదయం మిరప చేలో కాయలు కోస్తూ నొప్పులొచ్చిన అమ్మాయిని కంచికచర్ల నుంచి బస్సులో తీసుకొచ్చారు. ఎనిమిదో నెల. ఆడపిల్ల పుట్టింది, ఏడవలేదు. నేను పిల్ల కాళ్లు పట్టి తలకిందులు చేసి వీపు మీద కొట్టబోయాను. చదువుకునే రోజుల్లో చూసింది అదే.

"ఇలా ఇవ్వండి డాక్టరుగారూ," అని సిస్టర్‌గారు పిల్లను అందుకున్నారు. పొడిగుడ్డతో ఒళ్లంతా తుడిచారు. నోరు శుభ్రం చేసి, తన నోటితో పిల్ల నోట్లోకి చాలా మెల్లగా ఊదారు. కాసేపటికి పిల్ల సన్నగా మూలిగింది, ఆ తర్వాత ఏడ్చింది.

"బెజవాడ పంపిద్దాం," అన్నాను.

"బస్సులో వెళ్లేసరికి ఒళ్లు చల్లబడిపోద్దండి. ఊపిరి బాగానే తీసుకుంటోంది. తేడా వస్తే నేనే చెప్తా."

అందరి ముందూ ఆ మాట నాకు చిన్నతనంగా అనిపించింది. కాని పిల్ల పాదం ముట్టుకుంటే అప్పటికే చల్లగా ఉంది. ఒప్పుకున్నాను.

పిల్లను తల్లి గుండెలకు ఆనించి పైన దుప్పటి కప్పారు. నీళ్లు పోస్తానన్న అమ్మమ్మను, "పది రోజులు ఆగమ్మా, తుడిస్తే చాలు," అని ఆపారు. పిల్లకు చప్పరించే బలం లేదు. తల్లి పాలు పిండించి ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కగా పట్టారు. పాలు ఎప్పుడు పెంచాలో ఆవిడ చెప్పేవారు, నేను తలూపేవాణ్ని.

మూడు వారాలకు పిల్ల తనంతట తాను పాలు కుడిచింది. ఇంటికి పంపే కాగితాలు రాస్తుంటే నా చెయ్యి ఆగింది. కేసు షీటులో అన్నీ నేనే చేసినట్టుంది. దాన్ని సిస్టర్‌గారి ముందు పెట్టాను.

"మీరు చేసింది మీరే రాయండి."

"నర్సు రాస్తే చెల్లదండి."

"కింద నేను సంతకం పెడతా."

ఆవిడ కుర్చీ లాక్కుని రాయడానికి కూర్చున్నారు. రాసినవాటిలో నాకు తెలియనివి రెండు మూడున్నాయి.

కొన్నేళ్లకు జగ్గయ్యపేట ఆసుపత్రికి వెళ్లాక, కాన్పుల గదిలో మొదటిరోజే అడిగాను, పసిబిడ్డల సంగతి మీలో ఎవరికి బాగా తెలుసని. నర్సులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అంతకుముందు వాళ్లనెవరూ ఆ మాట అడిగినట్టు లేదు. చివరికి గుడ్డలు మడుస్తున్న ఒకామె పని ఆపి, నా దగ్గరికి వచ్చింది.