మిషనక్క ఏరుకున్న ప్లగిన్లు

మిషనక్క చేతిలో బాగుపడని కుట్టు మిషన్ లేదని బట్టల బజారంతా ఒప్పుకునేది. ఇప్పుడు ఒప్పుకోవడానికి ఆ బజారే లేదు.

రెండంతస్తుల పాత కట్టడం అది. కింద గుడ్డల కొట్లు, పైన అరవైమంది టైలర్లు, మెట్ల కింద వంగితే తప్ప పట్టని చోటులో మిషనక్క. ముప్పై ఏళ్లు అక్కడే కూర్చుంది. రోడ్డు వెడల్పు చేయాలని ఆ కట్టడాన్ని పడగొట్టారు. టైలర్లు తలో దిక్కు అయ్యారు. ఆమె నాలుగు వీధుల అవతల, ఒక సందు కొసన, అట్టపెట్టెల గోడౌను పక్కన గది తీసుకుంది. పని ఉన్నవాళ్లకు ఆ సందు తెలియదు. ఆ సందు తెలిసినవాళ్లకు ఆమెతో పని లేదు.

పని నేర్పింది మేనమామ. పెళ్లీ పెటాకులూ లేకుండా అదే పనిగా బతికిందని చుట్టాలు అనేవారు. ఆమె మాత్రం అదే పని ఉంది కాబట్టి బతికాననేది. మామ ఎక్కువ మాట్లాడేవాడు కాదు. మాట్లాడితే మిషన్ గురించే. విప్పిన మిషన్ గిరాకీ కంట పడకూడదనేది ఆయన పెట్టిన కట్టడి. "పేగులు బయటపడ్డ మనిషిని చూసినట్టు ఉంటుందే వాళ్లకి. పనయ్యేదాకా గుడ్డ కప్పి ఉంచు" అనేవాడు. గుమ్మంలో అడుగు చప్పుడైతే చాలు, మిషనక్క చెయ్యి దానంతటదే గుడ్డ కోసం వెళ్లేది.

కొత్త గదిలో ఆ చప్పుడు కూడా కరువైంది. ఒకరోజు కూరగాయల దగ్గర పాత గిరాకీ, జాకెట్లు కుట్టే ఆవిడ, ఎదురుపడి నోరు తెరిచింది.

"అక్కా! నువ్వు మానేశావనుకున్నానే! ఫోన్లో మిషన్ రిపేరని కొడితే కంపెనీ సర్వీస్ సెంటరొచ్చింది. అక్కడే ఇచ్చేశా."

"ముప్పై ఏళ్లు నా దగ్గరికొచ్చి, నేనెక్కడున్నానో ఫోన్ని అడిగావా?"

"ఇంకెవర్నడగాలక్కా? బజారు లేదు, మనుషులు లేరు."

ఆ జవాబు మిషనక్కకు గుచ్చుకుంది, ఎందుకంటే అది నిజం.

ఆమె ఉండేది తమ్ముడి ఇంట్లో. తమ్ముడు రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. ఆ వారమే అన్నాడు. "అక్కా, మా చెకింగ్ టేబుల్ దగ్గర ఒక పెద్దావిడ మూడు నెలల్లో పని మానేస్తోంది. ఆ చోటు నీకిప్పిస్తాను."

"ఏం చెయ్యాలిరా అక్కడ?"

"చొక్కాలకి వేలాడే దారాలు కత్తిరించాలి."

"మిషన్లు బాగుచేసే పని లేదా?"

"వాటికి కంపెనీ మెకానిక్కులొస్తారక్కా. సర్టిఫికెట్లు ఉన్నవాళ్లు."

ఆమె అన్నం కలిపి ముద్ద చేసింది. "మూడు నెలలున్నాయిగా. ఈలోగా నా గదికి మనుషులొస్తే నేను రాను. రాకపోతే వస్తాను" అంది. తమ్ముడు సరేనన్నాడు. మూడు నెలల తర్వాత ఆ చోటు తన చేతిలో ఉండదని మరోమాటు గుర్తుచేశాడు.

వెబ్‌సైటు మాట ఎత్తింది మరదలు. ఆ అమ్మాయి ప్రింటింగ్ ప్రెస్సులో శుభలేఖలు కంపోజ్ చేస్తుంది. ప్రెస్సువాళ్లు మూలన పడేసిన ల్యాప్‌టాప్ ఒకటి తెచ్చి, పొద్దున్నే పనికి వెళ్లేముందు గంటసేపు వదిన గదిలో కూర్చునేది. మొదటి రోజే ఒక గడి దగ్గర ఆగింది.

"వదినా, ఇక్కడ టిక్కు పెడితే గూగుల్ లాంటివి మన సైటు వైపు రావట. పెట్టనా, వద్దా?"

"పని ఇంకా మొదలే కాలేదు. సగం విప్పినది ఊరికి చూపిస్తామా? పెట్టు. అయ్యాక తీద్దాం."

మరదలు టిక్కు పెట్టింది.

వెతికేవాళ్లకు సైటు పైన కనబడాలంటే ప్లగిన్లు బిగించాలని కొన్నాళ్లకు తెలిసింది. ప్లగిన్ అంటే ఏమిటని అడిగితే మరదలు, "కాజాలకి ఒక పాదం, జిగ్‌జాగ్‌కి ఒక పాదం మిషన్‌కి బిగిస్తావు కదా, సైటుకి అలా బిగించేవి వదినా. ఉచితంగా ఇచ్చేవే వేల కొద్దీ ఉన్నాయి" అంది. అక్కడితో మిషనక్క కుర్చీ ముందుకు జరుపుకుంది. పనిముట్టు ఏరడం ఆమెకు ఒకరు నేర్పాల్సిన పని కాదు.

"ఇది చూడు, అయిదు నక్షత్రాలకి అయిదూ ఉన్నాయి" అంది మరదలు.

"పొగిడేవాడికి పోయేదేముందే? తిట్టినవాళ్లేమన్నారో అది తియ్యి."

తిట్లు చదివించింది. ఒకదానివల్ల సైటు మెల్లబడిందని పదిమంది మొత్తుకున్నారు. దాన్ని పక్కన పెట్టింది. ఇంకొకదాన్ని తయారుచేసినవాడు ముట్టుకుని మూడేళ్లయింది. "మూడేళ్లుగా నూనె చుక్క పడని మిషన్. వద్దు." మరొకటి ఉచితమని చెప్పి, లోపలికి వెళ్లాక ప్రతి మీటకీ తాళం వేసి కూర్చుంది. దాన్నీ తీయించింది. పేజీకి పేరు, ఆ పేరు కింద వెతికేవాళ్లకు కనబడే రెండు వరుసలు రాసుకోనిచ్చే ప్లగిన్లు రెండు నచ్చాయి. రెండూ బిగించారు. పేజీ పేరు రెండేసి సార్లు పడసాగింది.

"ఒక ఒరలో రెండు కత్తులు" అంది మిషనక్క, చూడగానే. "ఒకే పనికి రెండు పాదాలు బిగిస్తే సూది విరుగుతుంది. ఒకటి పీకెయ్."

ఉంచినది సైటులోని పేజీల పట్టిక కూడా తానే తయారుచేస్తుందని తెలిసి, పట్టిక కోసం విడిగా పెట్టిన ప్లగిన్‌నీ తీసేశారు. ఫోటోల బరువు తగ్గించేది ఒకటి, పేజీ త్వరగా తెరుచుకునేలా చేసేది ఒకటి. మూడంటే మూడే మిగిలాయి. ఆ మూడింటిలో ఏ మీట నొక్కితే ఏమవుతుందో ఆమె నోటుబుక్కులో బొమ్మలు గీసుకుని మరీ నేర్చుకుంది. మరదలు ప్రెస్సుకు వెళ్లాక రోజంతా తానే కూర్చునేది. గిరాకీ లేని గదిలో తీరికకేం తక్కువ?

పేజీలు తానే రాసింది. కుట్టు ఎందుకు తప్పుతుంది, దారం ఎందుకు తెగుతుంది, కింది దారం అందుకునే షటిల్ ఎప్పుడు మార్చాలి, ఎప్పుడు మార్చమన్నవాణ్ని నమ్మకూడదు. రాసిన ప్రతి పేజీకీ ప్లగిన్ మార్కులేసినట్టు ఎర్రచుక్కో, పసుపుచుక్కో, పచ్చచుక్కో పెట్టేది. కుట్టు మిషన్ రిపేరు అనే మాట ఇంకా ఎక్కువసార్లు రాయమని ఒక పేజీకి ఎర్రచుక్క వచ్చింది.

"ఒకే మాట ఏడుసార్లు చెప్పేవాణ్ని ఏమంటారే?"

"సేల్స్‌మాన్ అంటారు వదినా."

"చుక్క ఎర్రగానే ఉండనీ" అంది. మరునాడు మళ్లీ తానే కూర్చుని, అబద్ధం కాకుండా ఎక్కడ రెండుసార్లు ఇమడ్చగలనో చూసి ఇమిడ్చింది.

ఉచిత ప్లగిన్లతో ఒక్కటే పోరు. తెర తెరిస్తే చాలు, పైన ఇంగ్లీషు పట్టీలు వచ్చి కూర్చునేవి. డబ్బు కట్టి పెద్దది తీసుకోండి, మాకు నక్షత్రాలివ్వండి, మా కొత్త ప్లగిన్ చూడండి. "ఊరికే వచ్చినవాడు ఊరుకోడు" అని గొణుక్కుంటూ మిషనక్క, మరదలు వచ్చేలోపే, ఒక్కోదాని మూలనున్న ఇంటూ గుర్తు నొక్కి తుడిచేసేది. తెరవడం, తుడవడం, పనిలో పడడం. పొద్దున్నే గది ఊడ్చినంత అలవాటైపోయింది. ఆ పట్టీల్లో ఒకటి ఎర్రగా ఉండేది. దాన్నీ ఊడ్చేసేది.

ఎవరూ రాలేదు. ఆరు వారాలయ్యాయి, ఎనిమిదయ్యాయి. అన్ని పేజీలకూ పచ్చచుక్కలు పడ్డాయి. ఫోన్ మోగితే లోన్ కావాలా అని అడిగేవాళ్లు. ఇంట్లో మరదలు "కొత్త సైటు కదా వదినా, టైం పడుతుంది" అనేది. తమ్ముడు క్యాలెండరు వైపు చూసేవాడు. ఆ చూపే ఆమెకు ఎక్కువ బరువుగా ఉండేది. తన రాతలోనే లోపముందనుకుని రాసిన పేజీలన్నీ మళ్లీ విప్పి మళ్లీ బిగించింది.

పదకొండో వారంలో మరదలికి జ్వరం తగిలి ప్రెస్సుకు సెలవు పెట్టింది. ఇంట్లో తోచక వదిన గదికొచ్చి, దుప్పటి కప్పుకుని పక్కన కూర్చుంది. మిషనక్క ల్యాప్‌టాప్ తెరిచి పట్టీలు తుడవడం మొదలుపెట్టింది.

"ఆగు వదినా. చెయ్యి తియ్యి."

"వీటి గోల రోజూ ఉండేదేలే."

"చెయ్యి తియ్యమంటున్నానా! ఆ ఎర్రది అడ్వర్టైజ్‌మెంట్ కాదు."

మరదలు తెర మీదికి వంగి చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది. మిషనక్క భుజం తట్టి అడిగింది.

"ఏమంటాడే?"

"గూగుల్ లాంటివి మన సైటు చూడకుండా మనమే ఆపి ఉంచామంటున్నాడు."

"ఎప్పట్నించి?"

"మొదటి రోజు పెట్టిన టిక్కు వదినా. తియ్యనే లేదు."

వీధిలో ఎవరో అట్టపెట్టెలు దింపుతున్నారు. మిషనక్క గుమ్మంలోంచి వాటిని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది. మరదలు ముక్కు ఎగబీల్చడం మొదలుపెట్టింది.

"నేనైనా గుర్తుపెట్టుకోవాల్సింది."

"నువ్వెందుకు ఏడుస్తావే? కప్పమన్నది నేను. రోజూ వచ్చి చెప్పినవాడి నోరు నొక్కిందీ నేనే." ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. "మామ ఉంటే సుత్తి పెట్టి కొట్టేవాడు."

టిక్కు తీశారు. తీయడానికి రెప్పపాటు పట్టలేదు.

"ఇక వస్తారా?"

"వస్తారు వదినా. కానీ ముందు గూగుల్ వచ్చి చూసుకుని, పదిమందిలో పైకి తేవాలంటే వారాలు పడుతుంది. ఒక్కోసారి నెలలు."

గడువు ఇంకా పన్నెండు రోజులుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అయినా ఆమె తమ్ముణ్ని ఒక నెల అడిగింది. ఎప్పుడూ ఏదీ అడగని అక్క అడిగిందని అతను మేనేజర్ దగ్గరికి రెండుసార్లు వెళ్లాడు.

"ఆ చోటు కోసం నలుగురు కాచుకుని ఉన్నారక్కా. సోమవారం నువ్వు రాకపోతే మంగళవారం వాళ్లలో ఒకరు కూర్చుంటారు."

ఆ పన్నెండు రోజులూ ఆమె ఫోన్లో వెతుకుతూనే ఉంది. చివరి శనివారం తొమ్మిదో పేజీలో, ఒక పాత సామాన్ల కొట్టు కింద, తన సైటు కనబడింది. "తొమ్మిదో పేజీ దాకా వచ్చేవాడికి మిషనెందుకు ఉంటుంది? పనీపాటా ఉన్నవాడైతే కదా" అంది. ఆదివారం గది ఖాళీ చేసింది. బిగింపు బల్ల పాత ఇనుము బండికి పోయింది. షటిళ్లు, బాబిన్ కేసులు, సూది కడ్డీలు ఉన్న సొరుగులు జాకెట్లావిడ పట్టుకెళ్లింది. బయట పని చేయనని ఫ్యాక్టరీ కాగితం మీద సంతకం పెట్టాలి కాబట్టి, ఉంచుకుని లాభం లేదు.

చెకింగ్ టేబుల్ పక్కనే మిషన్ల వరుస. ఆమె అక్కడ చేరిన మూడో వారంలో ఏడో నంబరు మిషన్ కుట్టు తప్పడం మొదలుపెట్టింది. మెకానిక్ మోటారు విప్పాడు. దారం మార్చాడు. మిషనక్క చొక్కా మీదినుంచి కళ్లెత్తకుండా చెవితోనే విన్నది. చివరికి ఉండబట్టలేక లేచి వెళ్లింది.

"బాబూ, సూది కడ్డీ ఒక నూలంత పైకి జరిగింది. షటిల్ ముక్కు దారాన్ని అందుకోవట్లేదు. చప్పుడు చూడు."

"అమ్మా, మీ టేబుల్ మీరు చూసుకోండి" అన్నాడు ఆ మెకానిక్. కోపంగా కాదు, అలసిపోయి. దూరంగా నిలబడ్డ తమ్ముడు చేతిలోని కాగితాల్లోకి తల దించుకున్నాడు. ఆమె వెనక్కి వచ్చి కత్తెర తీసుకుంది. సాయంత్రానికి ఆ మిషన్ని వరుసలోంచి లాగి పక్కన పడేశారు.

ఏడో వారంలో, భోజనం విరామంలో ఫోన్ మోగింది.

"మిషన్ రిపేరాండీ? నేను స్కూలు యూనిఫారాలు కుడతానమ్మా. ఫోన్లో వెతికితే అందరికన్నా పైన మీరే వచ్చారు."

మిషనక్క చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"ఆ... ఇప్పుడు చెయ్యట్లేదమ్మా. మానేశాను."

"మానెయ్యడమేంటమ్మా? కుట్టు తప్పడం మీద అంత వివరంగా రాసింది మీరేగా? నా మిషన్‌ది అచ్చం అదే జబ్బు. సర్వీస్ సెంటర్‌వాళ్లు పదిరోజులంటున్నారు. పిల్లలకి బడి తెరిచేస్తారు. ఎక్కడున్నారో చెప్పండి, నేనే మోసుకొస్తా."

"ఎక్కడా లేనమ్మా." అని, మళ్లీ ఆగలేక, "స్క్రూడ్రైవర్ ఉందా దగ్గర? సూది కింద పలక విప్పు" అంది.

అవతల పలక ఊడిన చప్పుడు వినిపించింది. చక్రాన్ని నీవైపు మెల్లగా తిప్పమంది. సూది కిందికి పోయి పైకి లేచేటప్పుడు షటిల్ ముక్కు ఎక్కడుందో చూడమంది. ఆ అమ్మాయి చూసి చెబుతోంది. ఇంకా పైకి, ఇంకొంచెం అంటోంది. గంట కొట్టారు. ఫోన్లు పెట్టెలో వేసే టైం అది. పెట్టె పట్టుకుని నిలబడ్డది తమ్ముడే.

"అక్కా." అతను గొంతు తగ్గించాడు. "వెనకాల మేనేజరున్నాడు."

"ముక్కు కనబడిందమ్మా, ఇప్పుడేం చెయ్యాలి?" అంటోంది ఫోన్లో అమ్మాయి. "అమ్మా? ఉన్నారా?"

మిషనక్క ఫోన్ కట్ చేసి పెట్టెలో వేసింది.

మర్నాడు విరామంలో తానే ఆ నంబరుకు చేసింది. ఎవరికీ తిరిగి బిగించడం రాక, మిషన్ని విప్పింది విప్పినట్టే సంచిలో వేసి సర్వీస్ సెంటర్‌లో ఇచ్చేశారట. అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. ఆ వారంలో ఇంకా ముగ్గురు చేశారు. తర్వాత వారం అయిదుగురు. అందరికీ ఒకటే జవాబు.

ఒక సాయంత్రం మరదల్ని పిలిచి ల్యాప్‌టాప్ తెరవమంది.

"నా ఫోన్ నంబరు తీసెయ్."

"సైటు మొత్తం తీసెయ్యనా మరి?"

"రాసినవి ఉండనీ. ఎవరికైనా పనికొస్తాయి."

"నంబరు లేకుండా నిన్నెలా..." అనబోయి మరదలు ఆగిపోయింది. నంబరు చివర కర్సర్ పెట్టి, చివరి అంకె నుంచి ఒక్కొక్కటే చెరిపింది. మిషనక్క ఆఖరిది పోయేదాకా చూసి, మర్నాటి టిఫిన్ డబ్బా కడుక్కోవడానికి లేచింది.