గీతలు మింగిన మెయిలు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, మా మాదాపూర్ ఆఫీసులో మనిషి విలువను అతని మెయిలులోని రంగులను బట్టి కట్టేవారు. నేనేమో ఉత్త ప్లెయిన్ టెక్స్ట్ మనిషిని. రంగు లేదు, బోల్డు లేదు. గట్టిగా చెప్పాల్సిన మాటకు అటూ ఇటూ చెరో చుక్క గుర్తు (*), శీర్షిక కింద వరసగా అడ్డగీతలు. ఉత్త అక్షరాలతోనూ అలంకారం చేయొచ్చని నా వాదన. మా టీమ్ లీడ్ (గోదావరి వైపు ఆయన, తిట్టినా అండి తగిలించేవారు) ఒప్పుకోలేదు. "ఇది మెయిలా, ముగ్గా? ఈ చుక్కలేవిటండీ?" అని అందరి ముందూ అన్నారు. నవ్విన ఏడుగురి పేర్లూ నాకు ఇప్పటికీ గుర్తే. అంతటితో ఆగక, నా ప్రొబేషన్ కాగితం మీద 'మెయిలు రాయడం రాదు' అని రాసి, ఉద్యోగం పర్మనెంటు కాకుండా మూడు నెలలు వెనక్కి తోశారు.

ఆ నెలలోనే ఒక శనివారం డ్యూటీ పడింది. లీడ్ గారు మా అందరి పేర్లూ రాసి, రానక్కరలేని వాళ్ల పేర్ల మీద ఎర్రగీత కొట్టి (మొదటి గీత తమ పేరు మీదే), మా రూటు క్యాబ్ నడిపే అన్నకు మెయిలు పెట్టారు. ఆ అన్న పాత ఫోనులో ప్లెయిన్ టెక్స్ట్ తప్ప మరేదీ కనబడదు. గీతలు పోయాయి, పేర్లు మిగిలాయి. పొద్దున ఆరింటికి నన్ను మియాపూర్‌లో ఎక్కించుకున్న అన్న, నేరుగా ప్రగతి నగర్‌లో లీడ్ గారి గుమ్మం ముందు హారన్ కొట్టాడు. ఆయన లుంగీతో బయటికొచ్చారు.

"నా పేరు కొట్టేశాను కదండీ!"

"ఏడ కొట్టేసిన్రు సార్? జర చూడున్రి, సాఫ్‌గ ఉన్నది. రారు అని రెండక్షరాలు రాస్తే అయిపోవు గద!"

నేను కిటికీలోంచి తల బయటపెట్టి, "ప్లెయిన్ టెక్స్ట్‌లో చుక్కలు నిలుస్తాయి సార్, ఎర్రగీతలే నిలవవు" అన్నాను.

"మీరు నోరు ముయ్యండీ!"

సోమవారం ఆయనే నా సీటు దగ్గరికి వచ్చారు. "ఇకనుంచి లిస్టులు మీరే రాయండి" అంటూ, నా ప్రొబేషన్ కాగితం తెచ్చి, 'రాదు' అన్న ఆ పాత మాట మీద పెన్నుతో గీత కొట్టారు. నేను ఊరుకుంటానా? "గీత చాలదు సార్. మెయిలు రాయడం వచ్చు అని అక్షరాల్లో రాయండి" అన్నాను. ఆయన నన్నొకసారి చూసి, కాగితం మడిచి తీసుకెళ్లిపోయారు. మూడు నెలలూ పూర్తయ్యాకే పర్మనెంటయ్యాను. అప్పటి నాలోని ఆ మొండివాణ్ని తలుచుకుంటే ఇప్పుడు జాలేస్తుంది, నవ్వూ వస్తుంది. అయినా వాడు అడిగిందే న్యాయం.